డొరాలిస్ పిన్ని కట్టే తాటిమట్ట

మా ఏటి మీద ఆనకట్ట కట్టినవాళ్ళను తిట్టందే డొరాలిస్ పిన్నికి కాఫీ గొంతు దిగదు. తిట్టడంలో నేనూ తక్కువేం కాదు కానీ, ఆవిడంత కడుపుమంట నాకు లేదు.

వానాకాలంలో ఏరు పొంగి అడవిలోకి వస్తుంది. నీళ్ళలో రాలే పళ్ళు తింటూ పాకూ చేపలు లోపలికి వచ్చి గుడ్లు పెడతాయి. అప్పుడు పిన్ని, ఏట్లోంచి అడవిలోకి చీలే పాయ మొదట్లో ఒక తాటిమట్ట అడ్డంగా కడుతుంది. వాళ్ళమ్మ కూడా కట్టేది. చేపపిల్లలు ఏట్లోకి వెళ్ళాక మట్ట విప్పుతుంది. అందాకా లోపల ఎవరూ వల వేయకూడదు.

ఆనకట్ట వచ్చాక నీళ్ళు వాన మాట వినడం మానేసి గేట్ల మాట వింటున్నాయి. నిరుడు ఆనకట్ట కంపెనీ మనిషి ఎవాండ్రో బెలెం నగరం నుంచి వచ్చి, చర్చి వరండాలో అందరి ముందూ చెప్పాడు: "చేపపిల్లలు బయటికి వెళ్ళేదాకా నీళ్ళు తగ్గించం." ఎవరినీ నమ్మని పిన్ని, పోయి పోయి వాణ్ణి నమ్మింది.

చేపలు విరగబడి వచ్చాయి. ఊళ్ళో చూస్తే కర్రపెండలం పిండి తప్ప ఏమీ లేదు. పక్కింటి జుసెలీనో భుజాన వల వేసుకుని పాయ దగ్గరికి వచ్చాడు.

"పిన్నీ, నాలుగు చేపలు పట్టుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"మట్ట దాటితే నీ పడవకి చిల్లు పెడతా."

"పిల్లలు ఉత్త పిండి తింటున్నారు."

"ఇంకొన్నాళ్ళు తినమను. చావరులే."

వాడు తిట్టుకుంటూ పోయాడు. ఊరూ తిట్టుకుంది, కానీ మట్ట ఎవరూ దాటలేదు.

ఆ వారంలోనే ఎగువన కంపెనీవాళ్ళు గేట్లు మూసేశారు. పాయ బురదైపోయింది. గడ్డికి అంటుకున్న గుడ్లు ఎండిపోయాయి, తల్లిచేపలు బురదలో కొట్టుకుని చచ్చాయి. ఊరంతా కంపు. జుసెలీనో పిన్ని గుమ్మం ముందు నిలబడి, "ఇప్పుడు వండి పెట్టు పిన్నీ, తింటాం," అన్నాడు. వాడి మీద, ఆవిడ మీద, అందరికన్నా ఆ ఎవాండ్రో మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

ఈ ఏడు నీళ్ళు మళ్ళీ వచ్చాయి, చేపలూ వచ్చాయి. ఫొటోలు తీసేవాణ్ణి వెంటబెట్టుకుని ఎవాండ్రో కూడా దిగాడు.

"మట్ట కట్టండమ్మా. మీ ఆచారమంటే కంపెనీకి గౌరవం. ఈసారి మాట తప్పం."

పిన్ని ఇంట్లోంచి మట్ట తెచ్చింది. ఫొటోవాడు సర్దుకునేలోగా దాన్ని కత్తితో ముక్కలు చేసి పొయ్యిలో పెట్టింది. వల తీసుకుని పడవెక్కి, అందరికన్నా ముందు తనే పాయలోకి వెళ్ళింది.

వల నిండా పొట్ట ఉబ్బిన తల్లిచేపలు.

"ఇవి గుడ్లతో ఉన్నాయమ్మా," అన్నాడు ఎవాండ్రో.

"నాకు తెలీదా? నువ్వు చంపితే కుళ్ళిపోతాయి. నేను చంపితే మా పిల్లలు తింటారు. అడ్డు లే."

ఆ సాయంత్రం చేపగుడ్లు వేయించి ఇంటింటికీ పంపింది, ముందు జుసెలీనో ఇంటికి. నా వాటా కోసం వెళ్ళేసరికి, పిన్ని పొయ్యి పక్కన కూర్చుని ఉత్త పిండి తింటోంది.