దొంగతనానికి ముందే దొరికిన దొంగ

కోటలు కూలడానికి ఫిరంగులు కావాలంటారు. మా దీపావళి కథ కూలడానికి లైబ్రరీలో చదివిన ఒక్క పుస్తకం చాలింది. అది చదివింది నేనే కాబట్టి, ఎలా కూలిందో చెప్పే హక్కూ నాదే.

నేను కాలేజీ గడప తొక్కలేదు. అరవనాట చూలై పేటలో మా ఇంటి దగ్గరి లైబ్రరీని బీరువా తర్వాత బీరువా, చెదపురుగుకు పోటీగా నమిలేశాను. చెదపురుగుకు లేని జబ్బు ఒకటి నాకుండేది. నమిలిందల్లా ఎవరికో ఒకరికి చెప్పేయాలి.

పరాంకుశం అనే డిటెక్టివ్ ఉన్న నవలలంటే పిచ్చి ఉన్నవాళ్లం ముగ్గురం వాట్సాప్‌లో ఒకరికొకరం దొరికాం. నేను, తరతరాలుగా జార్జి టౌన్‌లోనే ఉన్న కుటుంబానికి చెందిన సులోచనక్క, భీమవరం నుంచి ఉద్యోగానికి మా ఊరొచ్చి మాధవరంలో ఉంటున్న శ్రీనివాసు. పండక్కి ముగ్గురం కలిసి పరాంకుశంతో కొత్త కథ రాద్దామనుకున్నాం. దీన్నే ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. పక్కింటి పిల్లాణ్ణి ఎత్తుకొచ్చి మనింట్లో ఆడించడమన్నమాట.

పిల్లాడి తల్లిని అడగాలి కదా. పరాంకుశాన్ని పుట్టించిన అవ్వ సులోచనక్క వీధిలోనే ఉంది. ఒప్పుకుంది గానీ షరతు పెట్టింది.

"పండగ ముందురోజు ఈడికొచ్చి చదివి వినిపించాల. మా పరాంకుశం తెలివితక్కువోడిగా కనబడినాడో, ఇంక జన్మలో వాణ్ణి ముట్టుకోకూడదు."

పెద్దరికం నేనే తీసుకున్నాను. దీపావళినాడు అందరూ టపాకాయలు కాలుస్తుండగా బంగ్లా యజమానురాలి వజ్రాలహారం మాయం కావాలి. దొంగతనం శ్రీనివాసుది, విచారణ అక్కది, దొంగను పట్టుకునే ఘనకార్యం నాది. ఒకరు రాసింది ఇంకొకరు చూడకూడదని కూడా శాసించాను. రహస్యంగా రాస్తేనే రసమని నేను లైబ్రరీలో చదివిన ఆ పుస్తకంలో ఉంది మరి.

"ఒకసారి కలిపి చూసుకుందాం గురువుగారూ," అన్నాడు శ్రీనివాసు.

"చూసుకుంటే సస్పెన్స్ చచ్చిపోతుంది," అన్నాను. ఏది చచ్చిందో మీరే వినండి.

అవ్వ ఇంట్లో ముందు శ్రీనివాసు చదివాడు. సాయంత్రం, వరండా నిండా ప్రమిదలు, మతాబుల వెలుగులో హారం మాయం. అవ్వ మెచ్చుకోలుగా తలూపింది. నాకు మాత్రం పచ్చి కాకరకాయ కొరికినట్టయింది. మా ఇళ్లలో దీపావళి అంటే తెల్లారకముందే తలంటి, ఆ వెంటనే టపాకాయలు. అక్క అధ్యాయంలో సరిగ్గా అదే జరిగింది. అందరూ తడితలలతో, తలంటు తర్వాత తినే దీపావళి లేహ్యం చప్పరిస్తూ పరాంకుశానికి జవాబులిస్తున్నారు. నా అధ్యాయంలో సూర్యుడు రాకముందే, గొళ్లేనికంటిన నువ్వుల నూనె చూసి పరాంకుశం వంటవాణ్ణి పట్టేశాడు. మధ్యలో ఆపితే పరువుపోతుందని చివరిదాకా చదివాను. ఆఖరి వాక్యం ఇది: "ఆ సాయంత్రం ఆమె అదే హారం వేసుకుని ప్రమిదలు వెలిగించింది."



"ఏమప్పా, సాయంత్రం పొయ్యే హారాన్ని పొద్దున్నే ఎట్ట పట్టుకొచ్చినాడు?" అంది అవ్వ.

శ్రీనివాసు నన్ను వింతగా చూశాడు. "తెల్లారకుండా టపాకాయలు ఎవరు కాలుస్తారండీ?"

"ఈడ అందరూ అప్పుడే కాలుస్తారు. సాయంత్రం కాల్చేది మిగిలిపోయిన చిచ్చుబుడ్లే," అంది అక్క.

పరాంకుశం మా చేజారిపోయాడు, సందేహం లేదు. తలొంచుకుని కాగితాలు మడుస్తుంటే అవ్వ భుజాలు అదరడం కనిపించింది. పెద్దామెను ఏడిపించామనుకున్నాను. తీరా చూస్తే నవ్వు.

"ఆలూ లేదు, చూలూ లేదు, దొంగ పేరు సోమలింగం," అంది కళ్లు తుడుచుకుంటూ. "నేను రాసినన్నాళ్లూ పరాంకుశం అంతా అయిపోయినాకే వచ్చేవాడు. ముందే రాకూడదా అని చదివేవాళ్లు తిట్టేవాళ్లు. ఇన్నాళ్లకు ముందే వచ్చినాడు. ఉగాదికి ఇంకోటి రాయండి. ఆ వంటోణ్ణి మాత్రం వదిలెయ్యండప్పా, వాడింకా ఏమీ చెయ్యలా."

ఎక్కడో హార్బరు దాకా పోయిన నా ప్రాణం, ఆ మాటతో బస్సెక్కి వెనక్కొచ్చింది.

కాబట్టి చూలై లైబ్రరీలోని సమస్త బీరువాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పండగనాడు నేరం చేయించాలన్నా, "మీ ఇంట్లో ఇది పొద్దునా, సాయంత్రమా?" అని అడిగిగానీ కలం ముట్టను.

వంటవాణ్ణి ఆ రోజే విడుదల చేశాం.