ఆమె వైపు నుంచి ఆడిన ఆట

ఆ ఆట ఎందుకు మొదలుపెట్టానో దాచి లాభం లేదు. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకు మాత్రమే అని మొదటి తెర మీదే రాసి ఉంది. అందుకే మొదలుపెట్టాను. గల్ఫ్‌లో మా క్యాంపు గదిలో నా పక్క మంచం ఆదిలాబాద్ దోస్తుది. నేను ఇంటికి బయలుదేరే ముందు రోజు ఒక పెన్ డ్రైవ్ నా చేతిలో పెట్టి, "జపానోళ్ళ ఆట భావూ. ఇంగ్లీషులకు మార్చిండ్రు. ఒక్కనివే ఉన్నప్పుడు చూడు," అన్నాడు. ఆ "ఒక్కనివే" అన్న మాటను అతను పలికిన తీరుకే అర్థమైంది. అవ్వ కోసం, అంటే మా అమ్మ కోసం కొన్న దుప్పటి మడతల్లో దాన్ని దాచి తెచ్చుకున్నాను.

ఒక్కణ్ణే ఉండే రోజులు అనుకున్నదానికన్నా ముందే వచ్చాయి. మూడేళ్ళ తర్వాత ఇంటికి వచ్చినవాడిని, నెల తిరగకముందే నా భార్యతో గొడవ పెట్టుకున్నాను. నాకు ముక్కు మీదే కోపం. "మూడేండ్లు ఫోన్ చేసిన. మూడు ముచ్చట్లు మాట్లాడలే నువ్వు. నీ మనసుల నేను ఉన్ననా అసలు?" అని అడిగాను. ఆమె నాలుగు చీరలు మడతపెట్టుకుని, బస్సెక్కి సుల్తానాబాద్‌లోని తల్లిగారింటికి వెళ్ళిపోయింది. రెండు నెలలు గడిచాయి. నేను పోలేదు, ఆమె రాలేదు. చివరికి మా చిన్నాయిన కల్పించుకుని ఆదివారం పంచాయితీ ఖాయం చేశాడు. వస్తే తీసుకురావడం, రాకపోతే తెంపుకోవడం, ఏదో ఒకటి ఆ రోజు తేలిపోవాలి. పిల్ల ఇంటి ముందు రెండు వైపుల పెద్దమనుషులు కూర్చుంటారు. నా తరఫున చిన్నాయిన చెబుతాడు, ఆమె తరఫున వాళ్ళ బాపు చెబుతాడు. కాపురం ఎవరిదో వాళ్ళిద్దరూ మాత్రం నోరు మూసుకుని ఉండాలి. అది మా దగ్గర పద్ధతి.

నా ఫిర్యాదు ఒకటే, ఆ ఫోన్. ప్రతి శుక్రవారం మాకు సెలవు. మధ్యాహ్నం తిని ఇంటికి కాల్ చేసేవాణ్ణి. అవ్వ మాట్లాడేది, బాపు మాట్లాడేవాడు, చివరికి ఫోన్ ఆమె చేతికి వచ్చేది. "మంచిగున్న." "తిన్న." "ఆఁ." అంతే. గదిలో మిగతావాళ్ళు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, గోడ వెంట అటూ ఇటూ తిరుగుతూ, భార్యలతో గంటలు గంటలు నవ్వుకుంటూ మాట్లాడేవాళ్ళు. నాది రెండు నిమిషాల్లో అయిపోయేది. "ఏందే, నీ పెండ్లాం నోట్లె బెల్లం ముక్క పెట్టుకున్నదా?" అని ఆదిలాబాద్ దోస్తు వెక్కిరించేవాడు. నేనూ నవ్వేవాణ్ణి కానీ లోపల కాలిపోయేది.

పంచాయితీకి మూడు రోజుల ముందు, గురువారం పగలు, ఆ పెన్ డ్రైవ్ బయటికి తీశాను. కింద మా సాంచాలు, అంటే మరమగ్గాలు, నాలుగూ ఆడుతున్నాయి. బాపు నేత నేస్తుంటే అవ్వ కండెలు చుడుతోంది. ఆ చప్పుడులో మేడ మీద గదిలో ఎవడు ఏం చేస్తున్నాడో ఎవరికీ తెలియదు. తలుపు గడియ పెట్టి లాప్‌టాప్ తెరిచాను.

ఇలాంటి వాటిని విజువల్ నావెల్ అంటారట. పరిగెత్తడం, కాల్చడం ఏమీ ఉండవు. బొమ్మ ఒకటి వస్తుంది, కింద కథ అక్షరాల్లో నడుస్తుంది. అక్కడక్కడా ఆగి, ఇప్పుడేం అంటావు అని రెండు మూడు మాటలు చూపిస్తుంది. ఒకటి మనం నొక్కాలి. కథలో మొగుడు దూరాన ఎక్కడో చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పని చేస్తాడు, వారానికొకసారి ఇంటికి ఫోన్ చేస్తాడు. మొదటి భాగమంతా అతని వైపు నుంచే. అతను ఫోన్ చేసినప్పుడు తెర మీద అతని గది, కిటికీలో మంచు, అవతలి నుంచి భార్య గొంతు. "బాగున్నాను" అంటుంది, "మీరు జాగ్రత్త" అంటుంది. నాకు నవ్వొచ్చింది. జపాన్‌లో కూడా ఇదే బాధ అన్నమాట అనుకున్నాను. "ఇంకేంటి సంగతులు?" అని అడగాలా, "సరే, అమ్మకివ్వు" అనాలా అని ఆట అడిగింది. నేను కసిగా రెండోది నొక్కాను. ఆ ఫోన్ మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ అదే నొక్కాను.

మొగుడు ఇంటికి తిరిగొచ్చాడు. గదిలోకి పోగానే భార్య, మీతో ఒక మాట చెప్పాలి అంది. "చెప్పు" అని ఒకటి, "తర్వాత" అని ఒకటి వచ్చాయి. నేను ఏ పని కోసం ఆ ఆట తెరిచానో ఆ పని ముందుంది కదా. "తర్వాత" నొక్కాను. నాకు కావలసిన బొమ్మలు వచ్చాయి. వాటి గురించి ఇక్కడ రాయను. కింద మాత్రం, ఆమె కళ్ళు మూసుకుంది, ఎంత ఎదురుచూసిందో పాపం, అని ఉంది. నేను నమ్మాను. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆమె ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. మొగుడికి కారణం తెలియలేదు. నాకూ తెలియలేదు. ఆడదాని మనసు రాయి అని తిట్టుకున్నాను.

ఆట అయిపోయిందనుకున్నాను. తెర నల్లబడి, ఇప్పుడు భార్య వంతు అని వచ్చింది.

అదే కథ, అవే రోజులు. అదే ఫోన్ మోగింది. ఈసారి తెర మీద ఆమె ఉన్న గది కనిపించింది. చేయి చాపితే తగిలేంత దూరంలో అత్త కూర్చుని ఉంది. ఆడబిడ్డ గుమ్మంలో నిలబడింది. మామ టీవీ గొంతు తగ్గించి ఇటే చెవి పెట్టాడు. ముగ్గురూ ఆమె ముఖమే చూస్తున్నారు. ఏం అంటావు అని ఆట అడిగింది. కింద నాలుగు మాటలున్నాయి. నాకు జ్వరం తగ్గడం లేదు అని ఒకటి. ఇక్కడ ఉండలేకపోతున్నాను అని ఒకటి. నువ్వు గుర్తొస్తున్నావు అని ఒకటి. ఆ మూడూ బూడిద రంగులో ఉన్నాయి. నొక్కితే పనిచేయవు. "బాగున్నాను" ఒక్కటే నొక్కనిస్తుంది.

నేను నమ్మలేదు. బూడిద రంగు మాటల మీద పదిసార్లు, ఇరవైసార్లు నొక్కాను. లాప్‌టాప్ చెడిందేమో అని మౌస్ తీసి మళ్ళీ పెట్టాను. కాలేదు. గతిలేక "బాగున్నాను" నొక్కాను. అవతల నుంచి, "సరే, అమ్మకివ్వు," అని మొగుడి గొంతు వచ్చింది. ఇందాక నేను నొక్కిన మాట అది. నా చేత్తో నొక్కింది. చెంప మీద కొట్టినట్టయింది నాకు.

తర్వాత అతను ఇంటికి వచ్చిన రోజు. ఆమె చెప్పాల్సినవన్నీ ఎంతో కాలంగా మనసులో వరసగా పెట్టుకుంది. ఒక మాట చెప్పాలి అంటే అతను తర్వాత అన్నాడు. మళ్ళీ అవే బొమ్మలు రావాలి కదా. రాలేదు. ఆ సమయమంతా తెర మీద ఇంటి కప్పు ఒక్కటే ఉంది. ఆమె కళ్ళు మూసుకుని, చెప్పాల్సినవి తెల్లవారేలోగా మరిచిపోకుండా మొదటి నుంచి ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటోంది.

నేను వచ్చిన రోజు నా భార్య కూడా, "ఒక ముచ్చట చెప్పాలె," అంది. "రేపు చెప్పు తియ్," అన్నాను నేను. ఆ క్షణం దాకా ఆ సంగతి నాకు గుర్తే లేదు. రేపు వచ్చింది, దోస్తులు వచ్చారు, దావత్‌లు అయ్యాయి. ఆ ముచ్చటేమిటో నేను మళ్ళీ అడగలేదు.

లాప్‌టాప్ అలాగే వదిలేసి కిందికి దిగాను. అవ్వను బయటికి పిలిచాను. "అవ్వా, నేను ఫోన్ చేసినప్పుడు ఆమె ఎక్కడ కూసుండి మాట్లాడేది?"

"ఎక్కడ కూసుంటది, గీడనే, నా పక్కకే," అంది అవ్వ. "మీ బాపు గా గడప మీద. పక్కింటి వదినె గూడ వచ్చేది నీ గొంతు ఇంటానికి. నువ్వే గదా కొడుకా, లౌడ్ స్పీకర్ పెట్టుండ్రి, అందరు ఇంటరని చెప్పింది."

నిజమే. ఇంటికంతటికీ మంచి ఫోన్ ఒకటి చాలని అవ్వకే కొనిచ్చింది నేను. స్పీకర్ పెట్టమన్నదీ నేనే. మూడేళ్ళలో ఒక్కసారి కూడా, అవతల ఎవరెవరున్నారు అని నాకు తోచలేదు.

"ఆమె ఎన్నడన్న ఫోన్ లోపటికి తీస్కపోతనన్నదా?"

"ఒకపారి అడిగింది. మా తాన ఏం దాపరికం బిడ్డా, ఈడనే మాట్లాడు అన్న. మళ్ళ అడగలే." అవ్వ ముఖంలో తప్పు చేసినట్టు ఏమీ లేదు. కండెలు ఆగిపోయాయని లోపలికి వెళ్ళిపోయింది. అవ్వ మీద అరుద్దామనిపించింది, కానీ ఆ మర్నాడు ఆటలో అత్త వంతు కూడా ఆడాను. కొడుకు గొంతు వినే ఆ కాసేపటి కోసం ముసలామె వారమంతా కూర్చుని ఉంటుంది. ఇక ఎవరి మీద అరవాలి?

ఆదివారం సుల్తానాబాద్ వెళ్ళాం. మామ ఇంటి ముందు కుర్చీలు వేశారు. చిన్నాయిన గొంతు సవరించుకుంటుండగా నేను లేచి, ఆమెతో పది నిమిషాలు మాట్లాడతానని అడిగాను. పెద్దమనుషులు ముఖాలు చూసుకున్నారు. "ఇద్దరు మాట్లాడుకునేటట్టుంటే మేమెందుకు వచ్చినం రా?" అన్నాడు చిన్నాయిన. అయినా నేను లోపలికి వెళ్ళి తలుపు మూశాను.

ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది. రెండు నెలల్లో కొంచెం ఒళ్ళు చేసింది. "ఇప్పుడు పక్కకు ఎవరు లేరు," అన్నాను. "ఫోన్ల చెప్పరానియి అన్ని ఇప్పుడు చెప్పు. ఇంట."

"చెప్పేటియి అప్పుడు మస్తుండె," అంది ఆమె. "శుక్రారం పొద్దుగాల సంది మనసుల పేర్చుకునేదాన్ని. ఫోన్ నా చేతికొచ్చేసరికి అందరు నా మొకమే చూసేటోళ్ళు. రెండేండ్లు పేర్చుకున్న. మూడో ఏడు బంద్ చేసిన."

"నేనచ్చిన నాడు ఒక ముచ్చట చెప్తనంటివి. గదన్న చెప్పు."

"గది గూడ అయిపోయింది," అంది. "నీ మీద కోపం గూడ లేదు నాకు. నేను రాను."

కోపం ఉంటే బతిమాలేవాణ్ణి. అందుకోసం దారంతా మాటలు కూడబెట్టుకుని వచ్చాను. కోపం లేని మనిషిని ఏమని బతిమాలాలో తెలియలేదు. "మీ బాపుకు చెప్పినవా?" అని అడిగాను.

"చెప్పిన. సర్దుకపో బిడ్డా అన్నడు. జర టైం ఇయ్యుండ్రి, పంపుతమని నీ తోటోళ్ళకు చెప్తడు. పంపుతడు గూడ." ఆమె తల తిప్పుకుంది.

తలుపు తీసి బయటికి వచ్చాను. అప్పటికే మామ నిలబడి, "పిల్ల చిన్నది, తెల్వక చేసింది. జర టైం ఇయ్యుండ్రి, ఈ నెలల్నే పంపుతం," అంటున్నాడు. పెద్దమనుషులు సరే సరే అంటున్నారు. అవ్వ కళ్ళు తుడుచుకుని, నవ్వుతూ నా వైపు చూసింది. చిన్నాయిన నా భుజం మీద చెయ్యి వేసి, "ఏమన్నది రా? వస్తనన్నదా?" అని అడిగాడు. నేను తల ఊపితే చాలు. అసలు ఊపకుండా ఊరుకున్నా చాలు. ఆమె ఆ నెలలోనే మా ఇంట్లో ఉంటుంది.

"రానన్నది," అన్నాను.

మామ నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. ఆ ఫోన్ సంగతి, స్పీకర్ సంగతి, నేను రేపు చెప్పమన్న సంగతి, అన్నీ వరసగా చెప్పాను. పంపుతమని మామ అన్నది ఆమె మాట కాదని చెప్పాను. చిన్నాయిన నా చెయ్యి పట్టి లాగుతూ, "నీకు దిమాక్ ఉన్నదా? నువ్వు ఎవని దిక్కు మాట్లాడుతున్నవ్?" అన్నాడు. అవ్వ నవ్వు అలాగే ముఖం మీద ఉండిపోయింది, దాన్ని తీసెయ్యడం కూడా ఆమెకు గుర్తులేదు. ఆ ముఖం వైపు చూడలేక, నేల చూస్తూ, ఆమె రానన్నది అని ఇంకొకసారి అందరికీ వినపడేలా చెప్పాను.