కనిపిస్తోందండీ

ఆ రోజుల్లో మైక్రోస్కోపులో చూడడమంటే నిజంగా చూడడం కాదు, వరసలో నిలబడి వంగి లేవడం. బందరులో నేను డిగ్రీ చదివిన కాలేజీలో మా క్లాసు మొత్తానికి పనిచేసే మైక్రోస్కోపు ఒక్కటే ఉండేది. మాస్టారు పొద్దున్నే ఫోకస్ చేసి పక్కన నిలబడేవారు. మనం వంగాలి, ఆయన "కనిపించిందా?" అనాలి, మనం "కనిపించిందండీ" అని వెనకవాళ్లకి చోటివ్వాలి. మూడేళ్లలో నాకు కనిపించినవి చాలావరకు నా కనురెప్పల వెంట్రుకలే. (ఒకసారి వాటినే రికార్డులో గీసి పేర్లు కూడా పెట్టాను. పదికి తొమ్మిదొచ్చాయి.) కనిపించలేదంటే పెద్దాయన్ని మళ్లీ శ్రమ పెట్టినట్టవుతుంది. పైగా అందరికీ కనిపించింది నాకొక్కదానికే కనిపించలేదంటే పరువేం కాను?

అలాంటి నాకు, రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎమ్మెస్సీ అవగానే హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థ నుంచి పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి కార్డొచ్చింది. ప్రొటీన్ల మీద పరిశోధన, కొత్తరకం మైక్రోస్కోపులు. గుడివాడలో బడిపంతులైన మా నాన్న ఒకటే షరతు పెట్టారు. "ఈ ఒక్కసారి చూద్దామమ్మా. రాకపోతే సోమవారం బీఈడీలో చేరిపో." పాఠాలు చెప్పడమంటే నాకు భయం లేదు. కానీ మళ్లీ అదే వరసలోకి వెళ్లి, ఈసారి పక్కన నిలబడి "కనిపించిందా?" అని అడగడం తలుచుకుంటేనే ఏడుపొచ్చేది.

నాన్నకి సెలవు దొరకలేదు. కోడూరులో రొయ్యల చెరువులు చేసే బాబాయిని నాకు తోడు పంపారు. బస్సెక్కిన దగ్గర్నుంచీ ఆయన నాకు శిక్షణ ఇస్తూనే ఉన్నాడు.

"ప్రొటీనంటే ఏముందే, మన రొయ్యల మేతలో కలిపేదేగా. ఏం అడిగినా తెలీదని మాత్రం అనమాక."

"నిజంగా తెలీకపోతేనో బాబాయ్?"

"తెలిసినట్టు మొహం పెట్టు. చెరువులో రొయ్య బతికుందో లేదో నాకు మాత్రం తెలుసా ఏంటి? అయినా కొనేవాడికి తెలీదని చెప్తానా?"

బస్సు కిటికీ అద్దంలో ఒకసారి తెలిసినట్టు మొహం పెట్టి చూసుకున్నాను.

ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు. ఎంజైముల గురించి అడిగితే బాగానే చెప్పాను. గండం గడిచిందనుకుంటుండగా వాళ్లలో ఒక మేడమ్ (నా అదృష్టంకొద్దీ తెలుగావిడే) "రామ్మా, మా మైక్రోస్కోపు చూద్దువుగాని" అని పక్కనున్న చీకటి గదిలోకి తీసుకెళ్లారు. మిగతా ఇద్దరూ వెనకే వచ్చారు. వంగాను.

"కనిపిస్తోందా?"

నోరు నా అనుమతి అడగలేదు. "కనిపిస్తోందండీ."

"ఏ రంగులో ఉంది?"

లోపలంతా చిమ్మచీకటి. బాబాయి గుర్తొచ్చాడు. "నీలం అండీ. లేత నీలం."

మేడమ్ మెల్లిగా అన్నారు, "లాంపు ఇంకా వెయ్యలేదమ్మా."

సోమవారం కళ్ల ముందుకొచ్చి నిలబడింది. ఇంక పోయేదేమీ లేదన్న తెగింపుతో నిజం చెప్పేశాను. "క్షమించండి మేడమ్, ఏమీ కనిపించలేదు. డిగ్రీలో కూడా ఎప్పుడూ ఏమీ కనిపించలేదు. లైను పెద్దగా ఉండేదండీ." వెనకాయన నవ్వు ఆపుకోవడానికి దగ్గారు. "సీటు ఇవ్వకపోయినా ఫర్లేదు. ఒక్కసారి లాంపు వేసి చూపిస్తారా?"

ఆవిడ వేశారు. కణం నిండా సన్నటి ఆకుపచ్చ దారాలు, ఎండలో ఆరేసిన వలలాగా. ఐదేళ్లు పేర్లు బట్టీపట్టిన ప్రొటీన్లు అక్కడ నిజంగానే ఉన్నాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరినీ అడగకుండా ఫోకస్ నేనే తిప్పేసుకున్నాను. ఈ దారం ఇక్కడెందుకు తెగింది, అది ఎటు పోతోంది అని అడుగుతూనే ఉన్నాను. చివరికి మేడమే భుజం తట్టి "బయట ఇంకా ఆరుగురున్నారమ్మా" అన్నారు.

"తెలీదన్నావా?" బాబాయి గేటు దగ్గరే అడిగాడు. అన్నానని చెప్పాను. గుడివాడ వచ్చేదాకా ఆయన నాతో మాట్లాడలేదు. శనివారం పక్కింటివాళ్ల ఫోనుకి సీటిచ్చినట్టు కబురొచ్చాక మాత్రం, అంతా తన ట్రైనింగే అని కోడూరంతా చెప్పుకున్నాడు.

ఇప్పుడు అలాంటి ఇంటర్వ్యూల్లో బల్లకి అవతలివైపు నేనే కూర్చుంటున్నాను. పిల్లలు చక్కగా తయారై వస్తారు. అడిగినదానికి తడుముకోకుండా చెప్తారు. నేను గడియారం చూసుకుంటూ మార్కులేస్తాను. సీటు పోయినా సరే ఒక్కసారి చూపించండి అన్న ఆ పిల్ల ఇవాళ నా ముందుకొస్తే తీసుకుంటానా అని ఒక్కోసారి అనిపిస్తుంది. నాలో నేనే నవ్వుకుంటాను గానీ, జవాబు మాత్రం ఇంతవరకూ పైకి చెప్పుకోలేదు.