పోచారం కట్ట మీద విన్న పేరు

మా మేడ మీది గదిలో అద్దెకుండే కారిన్ స్వీడన్ నుంచి భాషల చదువు కోసం హైదరాబాద్ వచ్చింది. రెండేళ్లలో తెలుగు బాగానే పట్టుబడింది. ఈ వేసవిలో వాళ్ల అమ్మ పోయింది. ఊరికి వెళ్లి వచ్చాక మాట తగ్గింది. ఒకరోజు, "అక్కా, ఎక్కడైనా నీళ్ల పక్కన కాసేపు కూర్చుందామా?" అంది. అలా బయల్దేరాం.

కాచిగూడలో పొద్దుటి రైలెక్కి కామారెడ్డిలో దిగాం. స్టేషన్ బయట ఇడ్లీ తిని, తాడ్వాయి మీదుగా పోయే బస్సులో ఎల్లారెడ్డి చేరేసరికి గంటకు పైనే పట్టింది. అక్కణ్ణుంచి నాగిరెడ్డిపేటకు మెదక్ బస్సు, ఆపైన పోచారం ప్రాజెక్టు దాకా ఆటో. వానలు బాగా పడ్డాయేమో, నీళ్లు అలుగు దూకుతున్నాయి. కింద వరి పచ్చగా ఉంది.

కట్ట మీద కూర్చున్నాక కారిన్ తనంతట తానే చెప్పింది. "మేం దేవుణ్ణి గూద్ అంటాం. డెన్మార్క్, నార్వేల్లోనూ దాదాపు అదే మాట. జర్మన్లు గొట్ అంటారు. చాలా పాతకాలంలో దాని అర్థం 'పిలవబడినది' అయి ఉండొచ్చంటారు. మీ ఆహ్వానంలో ఉన్న పిలుపే అందులోనూ ఉందట. ఆసుపత్రిలో అమ్మ పక్కన కూర్చుని ఆ పేరు పిలుస్తూనే ఉన్నాను. ఆ తర్వాత మళ్లీ నోట రాలేదు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

మధ్యాహ్నం ఎల్లారెడ్డికి నేరుగా ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవర్ జహంగీర్ భాయ్. ఊరు దాటకముందే ఒక అవ్వ చెయ్యెత్తింది. పక్కనే నిండు చూలాలైన కోడలు, గోడకు ఆనుకొని నిలబడి ఉంది.

"నొప్పులు మొదలైనయి బిడ్డా. అంబులెన్సు బండికి ఫోన్ చేసినం, ఇంక రాలే."

"ఎక్కు అవ్వా," అన్నాడు జహంగీర్ భాయ్, మమ్మల్ని అడక్కుండానే. మేం అప్పటికే జరిగాం.

కోడలి పేరు లావణ్య. ఎక్కగానే ఆమె కారిన్ చెయ్యి దొరకబుచ్చుకుంది. "దేవుణ్ణి తలుసుకో బిడ్డా," అంటోంది అవ్వ.

"నాకు మాట వస్తలేదత్తా," అని, లావణ్య కారిన్ వైపు తిరిగింది. "అక్కా, నువ్వన్నా పిలువు."

కారిన్ ఆమె వైపు వంగింది. మెల్లగా, "గూద్," అంది. నొప్పి వచ్చినప్పుడల్లా మళ్లీ అంది. గుంత దగ్గర బండి నెమ్మది చేస్తూ జహంగీర్ భాయ్ "యా అల్లా" అనుకున్నాడు.

ఎల్లారెడ్డి ఆసుపత్రి వరండాలో చాలాసేపు కూర్చున్నాం. చివరికి అవ్వ బయటికి వచ్చింది. "ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు." కారిన్ పక్కన కూలబడి అడిగింది: "తొవ్వ పొంటి ఎవర్ని పిలిచినవ్ బిడ్డా?"

"దేవుణ్ణే, అవ్వా."

"గట్లనా. ఏ పేరైతేంది, పలికిండు."

కారిన్ అవ్వ భుజం మీద తల వాల్చి ఏడ్చింది. అమ్మ పోయాక తను ఏడవడం నేను చూడటం అదే మొదలు. ఎందుకని అవ్వ అడగలేదు, వీపు నిమురుతూ కూర్చుంది.

తిరుగు రైల్లో కారిన్, నమ్మకం తిరిగొచ్చిందో లేదో తెలియదంది. పిలిచినా అమ్మ బతకలేదన్న కోపం ఇంకా ఉందట. కానీ ఇంకొకరి కోసం పిలుస్తున్నప్పుడు, జవాబు వస్తుందా రాదా అన్న ఆలోచనే రాలేదంది. నాకు ఆ మాట చాలా రోజులు గుర్తుండిపోయింది.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: నాగిరెడ్డిపేట నుంచి మధ్యాహ్నం దాటాక బస్సులు తక్కువ, తిరుగు బస్సు వేళ దిగేటప్పుడే కండక్టర్‌ను అడగండి. ఆటోలో వస్తే మాత్రం, దారిలో ఎవరైనా చెయ్యెత్తినప్పుడు ఆగేంత తీరిక చేతిలో ఉంచుకోండి.