వ్యాసర్పాడి నుంచి క్యారియర్ మీద వచ్చిన క్లారినెట్

మద్రాసులో సినిమా పాటల చరిత్ర ఎవరైనా రాస్తే అందులో నా సైకిల్‌కి ఒక పేజీ ఇవ్వాలి. 1956 ఎండాకాలంలో, కోడంబాక్కంలో జరుగుతున్న ఒక పాట రికార్డింగు కోసం, వ్యాసర్పాడి నుంచి ఒక క్లారినెట్ విద్వాంసుణ్ణి వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకొని, అతని కాలు నేలకి తగలనివ్వకుండా ఒక్క ఊపున తొక్కుకొచ్చినవాణ్ణి నేను. దారిలో ఒక పెద్ద హీరోగారి కారుని దాటేశాను. ఆ కారు మళ్లీ నన్ను దాటలేకపోయింది.

ముందు నా ఉద్యోగం ఏమిటో చెప్పాలి. దాన్ని మేము కాల్ చెప్పడం అనేవాళ్లం. రేపు పొద్దున ఫలానా రికార్డింగు థియేటర్లో పాట ఉంది, నీ వయొలిన్ తెచ్చుకో అని వాద్యగాళ్ల ఇళ్లకి వెళ్లి కబురు చెప్పి రావడం. వాళ్ల ఇళ్లలో టెలిఫోన్లు ఎక్కడివి? మైలాపూరు వీణ, రాయపురం ట్రంపెట్, పెరంబూరు తబలా అన్నిటినీ ఒక్కచోట చేర్చింది నా సైకిలే. ఎవరి గుమ్మంలో కాఫీ ఇస్తారో, ఎవరి కుక్క కరుస్తుందో నాకు తెలిసినంతగా ఈ ఊళ్లో ఇంకొకరికి తెలియదు. సంగీతం మాత్రం ఇప్పటికీ రాదు. ఆ పనికి అది అవసరం లేదు కూడా.

అప్పట్లో పాటని ఇప్పటిలా ముక్కలుగా తీసి అతికించేవాళ్లు కాదు. పాడేవాళ్లు, వాయించేవాళ్లు అందరూ ఒకే హాల్లో కూర్చొని, మొదటి నుంచి చివరిదాకా తప్పు లేకుండా వెళ్లాలి. దాన్నే టేక్ అంటారు. ఒకడు తప్పితే అందరూ మళ్లీ మొదటికి రావాలి. ఒకడు రాకపోతే అసలు మొదలే లేదు.

ఆ రోజు రానివాడు మా క్లారినెట్ ఆయన. గవదబిళ్లలు. నేను వెళ్లి చూస్తే రెండు బుగ్గలూ పొంగి, మనిషి ఊదకుండానే ఊదుతున్నట్టున్నాడు. తిరిగొచ్చి మ్యూజిక్ డైరెక్టరుగారికి చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. భోజనాల వేళదాకా చూస్తాననీ, తర్వాత ఆ క్లారినెట్ ముక్క వయొలిన్లకి ఇచ్చేస్తాననీ నెమ్మదిగా అన్నారు. నాకు ఎక్కడ లేని పౌరుషం వచ్చింది. వ్యాసర్పాడిలో ఒకడున్నాడు సార్, భోజనాలలోపు తెస్తాను అనేశాను.

ఆ ఒకడి పేరు మునిరత్నం. తాతల నాటి నుంచి మద్రాసులో ఉన్న తెలుగు కుటుంబం. రైల్వే యార్డులో పని, పెళ్లిళ్ల రోజుల్లో బ్యాండులో క్లారినెట్. రాయపురంలో ఒక ఊరేగింపులో అతను వాయించగా విని, కాల్ చెప్పడానికి పోతున్నవాణ్ణి సైకిల్ దిగి నిలబడిపోయాను. అప్పటి నుంచి కనబడినప్పుడల్లా, "ఒక్కసారి ఆ మైకు ముందర నిలబెట్టన్నా, చాలు" అనేవాడు. నేను చూద్దాం అనేవాణ్ణి. థియేటర్లలో బ్యాండువాళ్లంటే చిన్నచూపు. వీధంతా వినబడేలా ఊదేవాళ్లు, మైకుకి పనికిరారు అనేవాళ్లు. ఆ తలుపు అతనికి ఒకసారి తెరుచుకోవడమే గొప్ప. ఆ పూట వేళకి చేరకపోతే రెండోసారి తెరిచే దిక్కు లేదు.

నేను వెళ్లేసరికి రాత్రి డ్యూటీ దిగి చద్దన్నం ముందు కూర్చున్నాడు. సంగతి చెప్పగానే చెయ్యి కడిగేసుకున్నాడు. వాళ్లావిడ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. అతని సైకిల్‌ని తమ్ముడు తీసుకెళ్లాడు. బస్సయితే మారుతూ పోవాలి, ఏది ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. ఇక మిగిలింది డబుల్స్.

డబుల్స్ అంటే ఒకరి సైకిల్ మీద ఇద్దరు పోవడం. మద్రాసులో అది నేరం. తలపాగా కానిస్టేబుల్ పట్టుకుంటే కేసు రాయడం బద్ధకమై, టైరు గాలి తీసేసి, గాలిని లోపల ఆపే ఆ చిన్న రబ్బరు వాల్‌ట్యూబ్‌ని జేబులో వేసుకొని పొమ్మనేవాడు. అందుకని డబుల్స్‌కి ఒక పద్ధతుండేది. సైకిల్ కదిలాక వెనకవాడు పరిగెత్తి క్యారియర్ మీదికి ఎగిరి కూర్చోవాలి. తలపాగా కనబడితే చప్పుడు కాకుండా దిగి, ముందు పోయేవాడు తనకేమీ కానట్టు నడవాలి. మలుపు తిరిగాక మళ్లీ ఎక్కాలి. బ్రిడ్జి వస్తే దిగి వెనక నుంచి తొయ్యాలి.

కానీ నా వెనకున్నది క్లారినెట్. ఊపిరితో పని. పరిగెత్తించినా, తోయించినా మైకు ముందు రొప్పుతాడు. కాబట్టి గోడ పక్కన నిలబెట్టిన సైకిల్ మీదనే మహారాజులా కూర్చోబెట్టాను. పెట్టె ఒళ్లో పెట్టుకో, నోరు తెరవకు, ఊపిరి దాచుకో అని చెప్పాను. అతను ఏదో చెప్పబోతే, మాట్లాడితే కూడా ఊపిరి పోతుందని కసిరాను.

అలా బయల్దేరాం. ఎండకి తారు మెత్తబడి చక్రానికి అంటుకుంటోంది. బేసిన్ బ్రిడ్జి ఎత్తు చూడగానే నాకే ఊపిరి గుర్తొచ్చింది. అయినా అతన్ని దిగనివ్వలేదు. పైదాకా తొక్కాను.

ఇక్కడిదాకా వచ్చాక కొంచెం నిజం చెప్పుకోవాలి. కాలు నేలకి తగలకుండా అన్నాను గదా, అది సాగదీసిన మాట. బ్రిడ్జి మీద కాసేపు ఆగాం. పక్కన కుండ పెట్టుకొని ఒక ముసలమ్మ నీళ్లు పోస్తోంది, తాగాం. సెంట్రల్ దగ్గర తలపాగా కనబడింది. వెనకాల మనిషి దిగి, పెట్టె చంకన పెట్టుకొని, పరాయివాడిలా నడవక తప్పలేదు. ఎగ్మూరు దాటాక మళ్లీ ఒకసారి. హీరోగారి కారు సంగతీ అంతే. కోడంబాక్కం రైల్వే గేటు పడి ఉంది. గేటు ముందు ఆ కారు నిలబడిపోయింది. మనుషులు దూరే సందులోంచి మేం సైకిల్ ఎత్తుకొని దాటేశాం. గేటు దగ్గర ఆగిపోయిన కారు నన్నెలా దాటుతుంది? కానీ ఆయన అద్దంలోంచి మా ఇద్దరినీ చూశారు. అది మాత్రం నిజం.

థియేటర్ చేరేసరికి ఆకులు వేసి పిలుస్తున్నారు. మునిరత్నం చొక్కా వెన్నుకి అతుక్కుపోయి ఉంది. నాకు కాళ్లు తిమ్మిరెక్కి మెట్లు ఎక్కడం రాలేదు. మ్యూజిక్ డైరెక్టరుగారు అతన్ని కిందినుంచి పైకి చూసి, ఒకసారి వాయించమన్నారు. టేక్‌కి ముందు మైకులో ఎలా వినిపిస్తుందో చూసుకోవడానికి వాయించేదాన్ని మోనిటర్ అంటారు. మునిరత్నం పెట్టె తెరిచి, ఊదే చోట ఉండే రీడు పుల్లని నాలుకతో తడిపి, మైకుకి నాలుగడుగులు వెనక్కి జరిగాడు. ఎవరూ చెప్పలేదు. వీధిలో వాయించినవాడికి తన చప్పుడు ఎంత దూరం పోతుందో తెలియదా?

వాయించాడు. వయొలిన్ల వరసలో ఒకాయన నవ్వడానికి సిద్ధంగా పెట్టుకున్న మొహం అలాగే ఉండిపోయింది. మ్యూజిక్ డైరెక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకొని, భోజనాలు తర్వాత, ముందు టేక్ అన్నారు. అప్పటికే ఆకుల ముందు కూర్చున్నవాళ్లు కూడా లేచొచ్చి మరీ వాయించారు. మొదటి టేకే ఖాయమైంది. ఆ తర్వాత మునిరత్నం ఇంటికి కాల్ చెప్పడానికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. వాళ్లావిడ నాకు కాఫీ ఇవ్వడం మొదలుపెట్టింది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఆ రోజే. కాల్ చెప్పడమంటే కబురు అందించడం కాదు. మనిషిని వాయించగలిగే స్థితిలో తెచ్చి మైకు ముందు నిలబెట్టడం. ఆ పాటలో వినబడే ఊపిరి అతనిదే కావచ్చు, దాన్ని దాచి తెచ్చింది నా కాళ్లు.

ఇంతవరకు రాసి, మొన్న ఆదివారం ఇంటికొచ్చిన మునిరత్నానికి చదివి వినిపించాను. కళ్లు మూసుకొని అంతా విన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"బ్రిడ్జి దాకా సరిగ్గా రాసినావన్నా" అన్నాడు. "ఆడ నీళ్లు తాగినాక నీకు కళ్లు తిరిగి కూలబడినావే, అదేమాయె? ఆడి నుంచి కోడంబాక్కం దాకా తొక్కింది నేను. వెనక కూచున్నది నువ్వు. తలపాగాని చూసి దిగి నడిచిందీ నువ్వే."

మరి ఊపిరి సంగతో అన్నాను, గొంతు తగ్గించి.

"ఏం ఊపిరప్పా? పెళ్లికొడుకు ముందర రాయపురం అంతా నడస్తా వాయించేవాణ్ణి. సైకిల్ తొక్కితే నాకు ఆయాసమా? ఇంటికాడనే చెప్పబోతే నోరు ముయ్యమంటివి. నిన్నే తొక్కనిచ్చుంటే ఆ ముక్క వయొలిన్లకే పోయుండేది. పెట్టె మాత్రం కింద పడకుండా పట్టుకున్నావు. అది రాసుకో."