పొట్టి వైరుతో కుప్పం దాకా

ప్రయాణంలో ఇంటి వీడియోలు పెద్ద తెర మీద చూసుకోవడానికి ఏ పరికరం కొనాలా అని మీలో ఎవరైనా ఆలోచిస్తుంటే, డబ్బు బయటికి తీసే ముందు నా అవస్థ చదవండి. మదనపల్లె నుంచి కుప్పం పోయేటప్పుడు నా సంచిలో అలాంటివి రెండు చేరాయి. రెండూ అంగట్లో బాగానే కనిపించాయి.

మా అక్క రాజమ్మ కుప్పంలో కూతురు లత దగ్గర ఉంటుంది. స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆస్పత్రిలో చేర్చారు. షుగరు అదుపులోకి వచ్చాక ఆపరేషన్ అన్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే నిమ్మనపల్లె పక్కన మా ఊళ్లో భారతం జరిగింది. మా వైపు భారతమంటే పగలు కథ, రాత్రి నాటకం, మధ్యలో ఒకరోజు అర్జునుడి తపస్సు. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుతూ తాటిచెట్టంత మాను ఎక్కుతాడు. దాన్ని తపస్సు మాను అంటాం. బిడ్డల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో కింద కాచుకుని ఉంటారు. అతను పైనుంచి విసిరే నిమ్మకాయ కొంగులో పడితే కడుపు పండుతుందని నమ్మకం. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు మా అక్క కొంగులో అలా ఒక కాయ పడింది. ఆ మరుసటి ఏడు లత పుట్టింది. అప్పటి నుంచి అక్క ఒక్క ఏడు కూడా తపస్సు తప్పలేదు.

ఈ ఏడు తప్పింది. ఆవిడ కోసం నేను మొత్తం కెమెరాతో తీసి హార్డ్ డిస్కులో వేశాను. కొంత ముక్క లత ఫోనుకు కూడా పంపాను. లత చూపించబోతే అక్క మొహం తిప్పేసుకుందట. ఫోన్లో నాతోనే అంది.

"ఆ ఫోన్లో అర్జునుడు సీమ అంత ఉండాడు మే. మాను యాడుందో, మనిషి యాడుండాడో తెలీలేదు. తపస్సు సూడకుండా నేను కత్తి కింద పడుకోను."

"అక్కా, డాక్టరు రేపే చేస్తానన్నాడు కదా!"

"చెయ్యనీలే. నేను సంతకం పెట్టల్ల గదా."

ఇంకా ఆలస్యమైతే అక్క మళ్లీ నడవడం కష్టమని డాక్టరు చెప్పాడని లత ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ సాయంత్రమే మదనపల్లె బజారులో ఒక పెద్ద షాపుకు పోయి, టీవీకి గుచ్చుకునే పుల్లలాంటి పరికరం అడిగాను. "ఇందులో అన్నీ వస్తాయా?" అన్నాను. కుర్రాడు నా వైపు చూడకుండానే "అన్నీ వస్తాయి మేడం" అన్నాడు. నేను కాలేజీలో పిల్లలకు లెక్కలు చెబుతాను. అన్నీ అంటే ఏవేవి అని అడగాలన్న బుద్ధి ఆ పూట నాకు లేకపోయింది.

ఉదయం ఆరున్నరకు పుంగనూరు బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. అందుకే బస్సులో కాలు పెట్టే చోటు లేదు. ఊరినుంచి తెచ్చిన మూటలు, పిల్లలు, మధ్యలో నేను. ఎలాగో కిటికీ పక్కన సందు దొరికాక డబ్బా విప్పి కాగితం చదివాను. నెట్ కావాలి, ఖాతా తెరవాలి, ఫోనుకు వచ్చే నంబరు కొట్టాలి. హార్డ్ డిస్కు మాట ఎక్కడా లేదు. వెనక్కి తిప్పి చదివినా లేదు. పక్కన కూర్చున్న పెద్దావిడ నన్నే చూస్తూ ఉంది.

"ఏమ్మా, మందు కాగితమా? అంతగా సదువుతాండావు?"

"మందు కాదమ్మా, రోగం" అన్నాను.

పుంగనూరులో దిగి పలమనేరు బస్సు కోసం కాచుకోకుండా, బస్టాండు ఎదురు సందులో ఉన్న టీవీల అంగట్లోకి పోయాను. ఆ అంగడాయన ఖాదర్ భాయ్ అప్పుడే షట్టర్ ఎత్తుతున్నాడు. పుల్లను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నెట్‌లో వచ్చే సినిమాలు సూసేదానికమ్మా. మీ డిస్కు గుచ్చేదానికి దీంట్లో తావే లేదు గదా."

మరి నాకు కావలసింది ఏదంటే సబ్బుపెట్టెంత నల్ల డబ్బా తీశాడు. ఒక పక్క డిస్కు గుచ్చాలి, ఇంకో పక్క టీవీకి వైరు, కరెంటుకు వైరు. నెట్ అక్కర్లేదు. తన టీవీకి పెట్టి నా డిస్కు ఆడించి చూపించాడు. మాను కనిపించింది, అర్జునుడు కనిపించాడు. ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే టీవీకి పోయే వైరు జానెడు ఉంది.

"ఇంతేనా వైరు?"

"టీవీ పక్కనే పెట్టుకుంటారు గదమ్మా. పొడుగుది అయిపోయింది, సోమారం వస్తాది."

సోమవారం దాకా ఆగే ఓపిక ఎవరికుంది? కొన్నాను. కాబట్టి మొదటి సలహా: అన్నీ వస్తాయా అని అడగకండి. మీ డిస్కు చేతిలో పట్టుకుపోయి, దాన్ని ఆడించి చూపించమనండి. రెండో సలహా దగ్గరికి వస్తున్నాను.

పలమనేరులో బస్సు మారాను. అక్కడ తిన్న ఇడ్లీ గురించి ఏమీ రాయను, రాస్తే ఇంకా కోపం వస్తుంది. వి.కోట దాటాక టమాటా లారీల వెనక బస్సు నత్తనడక నడిచింది. కుప్పం చేరేసరికి ఒంటిగంట దాటింది.

ఆడవాళ్ల వార్డులో టీవీ గోడకు పైన, సీలింగుకు దగ్గర్లో బిగించి ఉంది. దాని కింద బల్ల లేదు, అర లేదు, మేకు కూడా లేదు. పక్కనున్న ప్లగ్గులో మంచినీళ్ల మిషన్ పెట్టి ఉంది. ఆ ప్లగ్గు ఒక్క గంట ఇమ్మని వార్డు ఆయమ్మను బతిమాలితే మొదట కుదరదంది. అక్క మంచం మీద నుంచి అరిచింది.

"ఒక్క గంట నీళ్లు తాగకపోతే సచ్చిపోతారా మే? ఆ మాత్రం సేయలేవా?"

చివరికి ఆయమ్మ ఒప్పుకుంది కానీ సౌండు పెట్టకూడదని షరతు పెట్టింది. స్టూలు తెచ్చుకుని ఎక్కాను. జానెడు వైరు టీవీకి గుచ్చి డబ్బా వదిలితే, డిస్కు బరువుకి వైరు ఊడిపోయింది. మళ్లీ గుచ్చాను, మళ్లీ ఊడింది. లత టేపు తెచ్చి అంటిస్తే అది గోడ సున్నంతో సహా కిందికి వచ్చింది. వేరే దారి లేదు. డబ్బాను, డిస్కును రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని స్టూలు మీద అలాగే నిలబడ్డాను. ఖాదర్ భాయిని, పెద్ద షాపు కుర్రాడిని, టీవీని అంత ఎత్తున బిగించిన పుణ్యాత్ముడిని వరసగా తిట్టుకున్నాను.

తెర మీద అర్జునుడు మాను దగ్గరికి వచ్చాడు. సౌండు లేదు. అక్క దిండుకు ఆనుకుని తనే పద్యం అందుకుంది. గొంతు పగిలిపోతూ ఉంది కానీ ఒక్క ముక్క తప్పలేదు. అతను ఒక్కో మెట్టు ఎక్కుతుంటే ఆవిడ ఒక్కో పద్యం. పక్క మంచాలవాళ్లు లేచి కూర్చున్నారు. సీరియల్ పోయిందని గొణిగినావిడ కూడా నోరు మూసుకుంది. నా భుజాలు పీకడం మొదలైంది.

"ఇంకెంతసేపు అక్కా?"

"నువ్వు తీసిందే గదే, నీకు తెలీదా? పట్టుకో."

అర్జునుడు కొస దాకా ఎక్కి నిమ్మకాయ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు మూల మంచం దగ్గర నుంచి ఒక పిల్ల లేచింది. పేరు భాగ్య, అత్తకు సేవ చేయడానికి వచ్చిన కోడలు. నేరుగా నా స్టూలు కిందికి వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, టీవీ వైపు కొంగు పట్టింది. ఇది వీడియో, ఇందులోంచి ఏమీ రాలదు తల్లీ అని చెప్పబోయాను.

"సుశీలా, నువ్వు తెచ్చిన కాయ ఉండాది గదా?" అంది అక్క.

ఉంది. అక్క కోసమని తపస్సు రోజు మాను కింద ఏరి, ఆ సంగతి ఫోన్లో చెప్పిన కాయ, భుజాన వేలాడే సంచిలో.

"అది నీకోసం తెచ్చిందక్కా."

"నాకు యాలే? నాకు లత ఉండాది. ఆ పిల్లకి వెయ్యి."

డబ్బాను ఒక చేత్తో గోడకు అదిమిపట్టి, రెండో చేత్తో కాయ తీశాను. తెర మీద అర్జునుడు చెయ్యి విసిరినప్పుడు నేనూ వదిలాను. కాయ భాగ్య కొంగులో పడింది. ఆ పిల్ల కొంగు ముడేసుకుని నా పాదాలు పట్టుకుంది. స్టూలు ఊగింది. అమ్మాయ్, పడతాను, వదులు అని కసురుకున్నాను. డబ్బాను మళ్లీ రెండు చేతులా పట్టుకున్నాను, కళ్లు తుడుచుకోవడానికి నాకు చెయ్యి ఖాళీ లేదు.

దిగేసరికి అక్క కాగితం మీద సంతకం పెడుతూ ఉంది. మరుసటి రోజు ఆపరేషన్ బాగానే జరిగింది. సాయంత్రం అక్క కాలి వేళ్లు కదిలించి నాకు చూపించింది. ఆ రాత్రి లత ఇంట్లో పడుకుని, తెల్లారి బస్సెక్కాను.

రెండో సలహా బారెడు వైరు కొనుక్కోమని. అది రాస్తానని బస్సులోనే అనుకున్నాను. పలమనేరులో అంగడి ముందు పొడుగు వైర్లు వేలాడుతూ కనిపించాయి కూడా. దిగుదామని సంచి కోసం పైకి చూశాను కానీ భుజాలు పట్టేసి చేతులు తల దాకా కూడా లేవలేదు. పక్కసీటు ఆవిడ లేచి సంచి దించి ఒళ్లో పెట్టింది.

"ఏం పని సేసినావమ్మా, చేతులు ఇట్ల పట్టేసినాయి?"

"తపస్సు" అన్నాను.