తిన్నాక వేసుకునే గోలి

మాటంటే మాటే అనే మనిషి ఏలియా. పొద్దున తిన్నాక వేసుకోమని బీపీ గోలీలిస్తే, తినకుండా ఒక్కనాడూ వేసుకోలేదు. ఆ మాట మీద నిలబడే పోయాడు మహానుభావుడు.

నాచారంలో ఫ్యాక్టరీ పని, ఆదివారం చర్చి, అదే ఆయన లోకం. ఈస్టర్ ముందు నలభై దినాల ఉపవాసాల్లో పొద్దంతా మంచినీళ్లే. పొద్దున తిండి లేదు కనుక గోలి లేదు. "తలనొప్పి లేదు, ఏం లేదు. గోలి ఎందుకే పాపమ్మా?" అనేవాడు భార్యతో. నొప్పి లేని రోగాన్ని నమ్మేదెవరు? పాపమ్మ కూడా సరేనంది. రెండువేల ఏడులో మట్టల ఆదివారం నాడు, ఈత మట్ట పట్టుకుని పాడుతూ వచ్చి చర్చి గుమ్మంలో కూలిపోయాడు. బీపీ పెరిగి మెదడులో నరం చిట్లిందన్నారు.

ఆ మట్టను పాపమ్మ గోడకు తగిలించింది. ఫ్యాను గాలికి అది గలగలమంటే, ఏలియా చెప్పులీడ్చుకుంటూ వస్తున్నట్టే ఉండేది. ఎండుటాకు చప్పుడేనని తెలుసు. అయినా భయమేసి, ఫ్యాను ఆపి ఉక్కలో కూర్చునేది.

మూడేళ్లకు మోకాళ్ల నొప్పులని ఉప్పల్‌లో ఓ చిన్న దవాఖానాకు వెళ్తే, ఆమెకూ బీపీ బయటపడింది. అవే గోలీలు, పొద్దున తిన్నాక.

అంతలో ఉపవాసాలొచ్చాయి. గోలి కోసం తిందామంటే మనసొప్పలేదు. తాను తిని బతికితే, ఆయన ఉత్త పుణ్యానికి చచ్చిపోయినట్టే కదా. ఆ ఆలోచన ఆమెను పీక్కుతింది. గోలి మానేసింది. కూతురు మరియా ఊరుకుంటుందా, రెక్క పట్టుకుని దవాఖానాకు లాక్కొచ్చింది.

"ఉపాసమున్న బిడ్డా. అందుకే గోలి బంద్ జేసిన," అంది పాపమ్మ, నర్సు ఉమతో.

ఉమ కోప్పడలేదు. "నీళ్లు తాగుతున్నవా అమ్మా?"

"తాగుతున్న."

"మరింకేంది? ఈ గోలి పరగడుపున ఏసుకున్నా ఏం గాదు. మర్చిపోవద్దని తిన్నంక అంటం, గంతే. రోజూ పడాలె. జర అడగాలె గద."

"ఆయన గూడ నీళ్లు తాగుతుండె," అంది పాపమ్మ.

ఉమ ఇచ్చిన నీళ్లతో అక్కడే గోలి మింగింది.

ఇంటికొచ్చి ఫ్యాను వేసింది. మట్ట గలగలమంది. ఈసారి ఆపలేదు.

"ఒక్క మాట అడగకపోతిమి," అంది గోడ వంక చూస్తూ.